ఘర్షణ లెక్కలో త్వరణం రుణాత్మకంగా వస్తోంది: తప్పు ఎక్కడ ఉంది?

ఇంటర్_మొదటి_ఏడు

అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. గమన నియమాల పాఠం అయ్యాక ఇంటికిచ్చిన లెక్కల్లో ఒకటి నాకు ఎంతకూ కొరుకుడు పడడం లేదు. లెక్క ఇది: గరుకైన క్షితిజ సమాంతర తలంపై 5 కి.గ్రా. ద్రవ్యరాశి గల దిమ్మె నిశ్చలంగా ఉంది. దిమ్మెకూ తలానికీ మధ్య ఘర్షణ గుణకం 0.4. దిమ్మెపై 15 న్యూటన్ల క్షితిజ సమాంతర బలాన్ని ప్రయోగిస్తే దాని త్వరణం ఎంత? గురుత్వ త్వరణాన్ని 10 మీ./సె² గా తీసుకోమన్నారు.

నేను చేసిన పద్ధతి: అభిలంబ ప్రతిచర్య, అంటే తలం దిమ్మెను పైకి నెట్టే బలం, 5 × 10 = 50 న్యూటన్లు. ఘర్షణ బలం 0.4 × 50 = 20 న్యూటన్లు. ఫలిత బలం 15 − 20 = −5 న్యూటన్లు. కాబట్టి త్వరణం −5 ÷ 5 = −1 మీ./సె². అంటే నేను ముందుకు నెడితే దిమ్మె వెనక్కి, నా మీదికి వస్తుందన్నమాట! పుస్తకం చివర జవాబు సున్నా అని ఉంది. గుణకారాలూ భాగహారాలూ మళ్లీ సరిచూసుకున్నాను, వాటిలో తప్పేమీ కనబడలేదు. దయచేసి ఎక్కడ దారి తప్పానో చెప్పగలరా?

లోలకం

జవాబు సున్నాయే. 15 అనేది 20 కంటే తక్కువ కాబట్టి దిమ్మె కదలదు, ఘర్షణ 15 న్యూటన్లు, అంతే.

నిర్వాహకుడు

లోలకం గారూ, మీరు చెప్పింది సరైనదే. అయితే జవాబు సున్నా అన్న సంగతి ఆ అమ్మాయికి పుస్తకమే చెప్పింది. తాను చేసినదంతా వరుసగా రాసి, ఎక్కడ తప్పిందో చెప్పమని అడుగుతోంది కనుక మిగిలినవారు దయచేసి అక్కడి నుంచి అందుకోండి.

విశ్రాంత_ఉపన్యాసకుడు

అమ్మా, నువ్వు అంకెలతో సహా ప్రతి మెట్టూ రాయడం మంచి పని అయింది, లేకపోతే మేము ఊహించుకుంటూ కూర్చోవలసి వచ్చేది. నీ జవాబును చూసి నీకే అనుమానం రావడం అంతకంటే మంచి సంగతి. ఇప్పుడు పుస్తకంలోని జవాబును కాసేపు పక్కన పెట్టి, నీ పద్ధతినే పట్టుకొని నా రెండు ప్రశ్నలకు సమాధానం రాయి. మొదటిది, ఆ 15 న్యూటన్ల బలాన్ని పూర్తిగా తీసేశాం, దిమ్మెను ఎవరూ ముట్టుకోవడం లేదు, అప్పుడు నీ పద్ధతిలో త్వరణం ఎంత వస్తుంది? రెండవది, ఆ సందర్భంలో 20 న్యూటన్ల ఘర్షణ కుడివైపుకు పనిచేస్తుందా, ఎడమవైపుకా? నువ్వు దేన్ని బట్టి నిర్ణయిస్తావు?

ఇంటర్_మొదటి_ఏడు

మాస్టారూ, నా పద్ధతిలో అయితే 0 − 20 = −20, దాన్ని 5 తో భాగిస్తే −4 మీ./సె² వస్తోంది. ఎవరూ ముట్టుకోని దిమ్మె తనంతట తానే పరుగెత్తుతుందన్నమాట, పైగా నేను నెట్టినప్పటికంటే వేగంగా. ఇక దిశ ఎటు అంటే చెప్పలేకపోతున్నాను, ఎందుకంటే ఘర్షణ దేన్ని వ్యతిరేకించాలో దాన్నే మీరు తీసేశారు. అంటే నెట్టనప్పుడు ఘర్షణ 20 కాదు, సున్నా అయి ఉండాలి. కానీ గుణకమూ మారలేదు, బరువూ మారలేదు, మరి సూత్రంలో 20 ఎందుకు వస్తోంది?

విశ్రాంత_ఉపన్యాసకుడు

సరిగ్గా అక్కడికే వచ్చావు. ఘర్షణ గుణకాన్ని అభిలంబ ప్రతిచర్యతో గుణిస్తే వచ్చేది ఆ తలం ఇవ్వగలిగిన గరిష్ఠ ఘర్షణ, దాన్నే సీమాంత ఘర్షణ అంటాం. జారకుండా నిలిచి ఉన్న వస్తువు మీద ఘర్షణ ఎప్పుడూ ఆ గరిష్ఠ విలువలోనే ఉండాలని ఏ నియమమూ చెప్పదు. ఇంట్లో బీరువాను ఒక చేత్తో మెల్లగా నెట్టినా కదలదు, రెండు చేతులతో కాస్త గట్టిగా నెట్టినా కదలదు. రెండు సందర్భాల్లోనూ నువ్వు ప్రయోగించిన బలాలు వేరు, అయినా రెండింటిలోనూ త్వరణం సున్నాయే అంటే ఘర్షణ కూడా నీ బలంతో పాటు పెరిగిందనే కదా అర్థం. నీ దిమ్మె విషయంలో ఘర్షణ సున్నా నుంచి 20 న్యూటన్ల వరకు, దిమ్మెను నిలిపి ఉంచడానికి ఎంత కావాలో అంతే ఉంటుంది.

అందుచేత లెక్క చేసే క్రమం తిరగబడుతుంది. ముందు దిమ్మె కదలలేదనే అనుకో. కదలకుండా ఉండాలంటే ఎంత ఘర్షణ కావాలో న్యూటన్ నియమం నుంచి రాబట్టు. అది సీమాంత విలువకు లోబడి ఉంటే అనుకున్నది నిజమైనట్టే, దాటితే దిమ్మె జారుతోందని గ్రహించి అప్పుడు మాత్రమే గుణకంతో గుణించిన విలువను వాడాలి. ఇక్కడ కావలసింది 15, ఉన్న పరిమితి 20, కాబట్టి దిమ్మె కదలదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఘర్షణ అభిలంబ బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1699లో అమాంటన్స్ ప్రకటించాడు. 1785లో కూలుంబ్ ఈ నియమాలను ప్రయోగాలతో మరింత వివరంగా పరిశీలించాడు, కదలని వస్తువు మీద ఘర్షణనూ జారుతున్న వస్తువు మీద ఘర్షణనూ వేరుచేసి చూశాడు. సాధారణంగా జారుతున్నప్పటి గుణకం కొంచెం తక్కువగా ఉంటుంది. నీ లెక్కలో ఒకటే గుణకం ఇచ్చారు కనుక రెండూ సమానమని తీసుకుందాం.

ఇంకొక పని మిగిలి ఉంది. నీకు వచ్చిన −1 మీ./సె² ను కొట్టేయవద్దు. అదే దిమ్మె, అదే 15 న్యూటన్లు, అదే గుణకం ఉంచి, లెక్కలో ఒక్క మాట మారిస్తే ఆ −1 అక్షరాలా సరైన జవాబవుతుంది. ఆ మాట ఏదో వెతుకు.

ఎప్‌సెట్_బోధకుడు

పెద్దలు చెప్పినదాన్ని కాదనడం లేదు గానీ, ఈ పిల్లలు రాయవలసిన పరీక్షను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు ఉంటాయి, అంటే ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. అందులో భౌతికశాస్త్రానివి 40. ఇలా ప్రశ్నకు ప్రశ్న వేస్తూ కూర్చుంటే సిలబస్ సగం కూడా దాటదు. నేను తరగతిలో ఒక్క వాక్యం రాయిస్తాను: ప్రయోగించిన బలం సీమాంత ఘర్షణ కంటే తక్కువైతే ఘర్షణ ప్రయోగించిన బలానికి సమానం, త్వరణం సున్నా. దీన్ని కంఠస్థం చేసినవారికి ఈ లెక్క పది సెకన్ల పని.

విశ్రాంత_ఉపన్యాసకుడు

మీరు రాయించే వాక్యం నిశ్చలంగా ఉన్న దిమ్మెకు నూటికి నూరు పాళ్లూ సరిపోతుంది. కానీ మీ వాక్యంలో "నిశ్చలంగా ఉన్న" అన్న మాట లేదు. ఆ మాట లేకుండా కంఠస్థం చేసిన విద్యార్థికి, దిమ్మె అప్పటికే 4 మీ./సె. వేగంతో జారుతోందని చెప్పి అదే 15 న్యూటన్లు ఇస్తే, అతడు పది సెకన్లలోనే త్వరణం సున్నా అని రాసి తప్పుతాడు. జేఈఈ మెయిన్‌లో అటువంటి బహుళైచ్ఛిక ప్రశ్నకు రావలసిన 4 మార్కులు రాకపోగా ఉన్నవాటిలో ఒకటి పోతుంది కూడా.

ఇంటర్_మొదటి_ఏడు

మాస్టారూ, నేను వెతుకుతున్న మాట మీరే ఇప్పుడు చెప్పేశారు! దిమ్మె "నిశ్చలంగా ఉంది" అనడానికి బదులు "కుడివైపుకు జారుతోంది" అంటే, ఘర్షణ 20 న్యూటన్లు ఎడమవైపుకు ఉంటుంది, ఫలిత బలం −5, త్వరణం −1 మీ./సె². దిమ్మె వెనక్కి రావడం లేదు, ముందుకు పోతూనే నెమ్మదిస్తోంది. నా అంకగణితం వేరే లెక్కకు సరైనదన్నమాట.

డాలస్_నాన్న

ఈ చర్చ చదువుతుంటే మా ఇంట్లో నిన్న జరిగిన వాదన గుర్తుకొచ్చింది, సంగతి ఒకటే అనిపించి ఇక్కడే అడుగుతున్నాను. మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్‌లో ఆల్జీబ్రా చదువుతున్నాడు. వాడికిచ్చిన సమీకరణం √(ఎక్స్ + 7) = ఎక్స్ − 5. ఇరువైపులా వర్గం చేస్తే ఎక్స్ + 7 = ఎక్స్² − 10ఎక్స్ + 25, సర్దితే ఎక్స్² − 11ఎక్స్ + 18 = 0, మూలాలు 9, 2. జవాబులను మళ్లీ సమీకరణంలో వేసి చూసి, సరిపోనిదాన్ని కొట్టేయమని వాళ్ల టీచర్ చెప్పారట. 9 వేస్తే 4 = 4, సరిపోయింది. 2 వేస్తే 3 = −3, కుదరలేదు. వాడు బుద్ధిగా 2 ను కొట్టేశాడు, మార్కులూ వచ్చాయి. కానీ వాడి ప్రశ్న మాత్రం తీరలేదు: ప్రతి మెట్టూ సరైనదే అయినప్పుడు ఈ తప్పుడు విలువ ఎక్కడి నుంచి దూరింది? నాకు తెలిసిన ఇంజనీరింగ్ అంతా కూడదీసుకున్నా "అలా వస్తుంటుంది, కొట్టేయాలి" అని తప్ప మరోలా చెప్పలేకపోయాను.

లెక్కల_టీచరమ్మ

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. మీ అబ్బాయి అడిగినది అడగవలసిన ప్రశ్నే, దానికి "కొట్టేయాలి" అన్నది జవాబు కాదు. వాడిని ఒక పని చేయమనండి: కొట్టేసిన 2 ను √ ముందు మైనస్ గుర్తు పెట్టిన సమీకరణంలో, అంటే −√(ఎక్స్ + 7) = ఎక్స్ − 5 లో వేయమనండి. ఎడమవైపు −3, కుడివైపు −3. అతికినట్టు సరిపోతుంది. వర్గం చేసేసరికి ఈ మైనస్ సమీకరణమూ, మీ అబ్బాయికిచ్చిన ప్లస్ సమీకరణమూ ఒకే రూపంలోకి వచ్చేస్తాయి. ఆ తరువాత సాధించేది రెండింటికీ ఉమ్మడి సమీకరణం కాబట్టి రెండింటి జవాబులూ కలిసే వస్తాయి. ఏది ఎవరిదో ఆ వర్గ సమీకరణానికి తెలియదు, తిరిగి వేసి చూసి మనమే విడదీయాలి.

గ్రాఫ్ కాగితం మీద గీయిస్తే ఇంకా బాగా కనబడుతుంది. వై² = ఎక్స్ + 7 అనే పరావలయం పక్కకు పడుకొని ఉంటుంది, వై = ఎక్స్ − 5 అనే సరళరేఖ దాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది: (9, 4) దగ్గర పై సగాన్ని, (2, −3) దగ్గర కింది సగాన్ని. వర్గమూలం గుర్తుకు అర్థం పై సగమే. మీరు 2 ను కొట్టేసినప్పుడు నిజానికి కింది సగాన్ని వదిలేశారు.

మెట్లన్నీ సరైనవే అన్న మాట మాత్రం సగమే నిజం. రెండు సంఖ్యలు సమానమైతే వాటి వర్గాలు సమానం, అందులో సందేహం లేదు. వర్గాలు సమానమైనంత మాత్రాన సంఖ్యలు సమానం కానక్కర్లేదు. ఆ మెట్టు ముందుకు ఎక్కడానికే గాని వెనక్కి దిగడానికి పనికిరాదు, అందుకే దిగేటప్పుడు సరిచూసుకోవలసి వస్తుంది.

డాలస్_నాన్న

కృతజ్ఞతలండీ. గ్రాఫ్ గీయించాను. కింది సగాన్ని వాడే చుక్కల గీతతో పూర్తి చేసి 2 ను పట్టుకున్నాడు.

ఇంటర్_మొదటి_ఏడు

మేడమ్, నాకొక సందేహం. టవర్ మీది నుంచి బంతిని పైకి విసిరే లెక్కల్లో కాలానికి ఒక రుణాత్మక విలువ వస్తుంది, మా తరగతిలో "కాలం మైనస్ ఉండదు" అని చెప్పి కొట్టేయిస్తారు. అది కూడా ఇలా వేరే సమీకరణానికి చెందిన జవాబేనా? నా నోట్సులోని లెక్క: 15 మీటర్ల టవర్ పై నుంచి 10 మీ./సె. వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంతసేపటికి నేలను చేరుతుంది? −15 = 10టీ − 5టీ², అంటే టీ² − 2టీ − 3 = 0, మూలాలు 3, −1.

విశ్రాంత_ఉపన్యాసకుడు

దీనికి నేను జవాబిస్తాను, టీచరమ్మ గారు అనుమతిస్తే. టీ విలువ సున్నా అన్నది నువ్వు గడియారం నొక్కిన క్షణం మాత్రమే, దానికి ముందు కాలం లేదని కాదు. −1 అంటే బంతి నీ చేయి వదలడానికి ఒక సెకను ముందు. ఆ సమయంలో బంతి నీ చేతిలోనే ఉంది, అది మనకు తెలుసు. సమీకరణానికి నీ చేయీ తెలియదు, టవరూ తెలియదు. దానికి తెలిసినదల్లా 10 మీ./సె² త్వరణంతో కదిలే బంతి ఒక్కటే, కాబట్టి అది ఆ కదలికను వెనక్కి కూడా పొడిగిస్తుంది.

పొడిగించి చూడు. టీ = −1 వద్ద వేగం 10 − 10 × (−1) = 20 మీ./సె., పైకి. అంటే ఎవరో నేల మీద నిలబడి, నీకంటే ఒక సెకను ముందు, 20 మీ./సె. తో బంతిని పైకి విసిరారనుకో. ఒక సెకను తరువాత దాని ఎత్తు 20 × 1 − 5 × 1 = 15 మీటర్లు, వేగం 10 మీ./సె. సరిగ్గా నీ టవర్ అంచు దగ్గర, నీ బంతి వేగంతోనే. అక్కడి నుంచి రెండు బంతులదీ ఒకే ప్రయాణం. కాబట్టి −1 అన్నది అబద్ధం కాదు, నేల మీది నుంచి విసిరిన ఆ బంతి బయలుదేరిన సమయం. నీ ప్రశ్న అది కాదు గనుక దాన్ని వదిలేస్తాం.

ఎప్‌సెట్_బోధకుడు

ఈ వివరణ బాగుంది, దీన్ని నేను తరగతిలో చెప్పగలను, నిమిషం కూడా పట్టదు. అయితే పిల్లలకు చివరికి ఒక పట్టు అందాలి. మైనస్ వచ్చిన విలువను కొట్టేయడం అనే అలవాటు చాలా లెక్కల్లో పనిచేస్తుంది కదా?

ఇంటర్_మొదటి_ఏడు

సార్, డాలస్ అంకుల్ వాళ్ల లెక్కలో కొట్టేసిన 2 ధన సంఖ్యే. నా టవర్ లెక్కలో బంతి నేలను తాకేటప్పుడు వేగం 10 − 30 = −20 మీ./సె. వస్తుంది, అది రుణ సంఖ్య అయినా ఉంచుకోవాలి, కిందికి పడుతోందని చెప్పేది ఆ మైనసే. కాబట్టి గుర్తును చూసి కొట్టేయడం కుదరదేమో సార్.

లెక్కల_టీచరమ్మ

బాగా పట్టుకున్నావమ్మా. దీనికి మన దేశంలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో ఒక కోతుల లెక్క ఇచ్చాడు. మందలో అయిదవ వంతు తీసుకొని, అందులో మూడు తగ్గించి, వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒకటి చెట్టెక్కి కనబడుతోంది, మొత్తం ఎన్ని? సాధిస్తే 50, 5 అని రెండు జవాబులు వస్తాయి. 50 తీసుకుంటే అయిదవ వంతు 10, మూడు తగ్గిస్తే 7, వర్గం 49, చెట్టు మీది ఒకటి కలిపితే 50. మరి 5 తీసుకుంటే? అయిదవ వంతు 1, అందులోంచి మూడు తగ్గిస్తే −2, వర్గం 4, ఒకటి కలిపితే 5. సమీకరణం దీన్నీ ఒప్పుకుంటుంది. భాస్కరుడు మాత్రం ఈ రెండవదాన్ని స్వీకరించలేదు. కంటికి కనబడే కోతుల సంఖ్య మధ్యలో రుణాత్మకమైతే లోకం నమ్మదన్నది ఆయన చెప్పిన కారణం. ఆయన వదిలేసిన 5 కూడా ధన సంఖ్యే అని గమనించు. ఒక్క కోతిలోంచి మూడు కోతులను తీసేయలేమని ఆయన లెక్కలోని మాటలను చూసి నిర్ణయించాడు, జవాబు గుర్తును చూసి కాదు.

లోలకం

మొదట్లో నేను ఒక్క వాక్యంలో తేల్చేసిన లెక్క ఇంత దూరం వచ్చింది కాబట్టి, దిమ్మె గురించి ఒక కొసరు. మాస్టారు గారు గతిక ఘర్షణ గుణకం తక్కువగా ఉంటుందన్నారు. నిశ్చలంగా ఉన్నప్పటి గుణకం 0.4, జారుతున్నప్పుడు 0.3 అనుకుంటే జారే దిమ్మె మీద ఘర్షణ 15 న్యూటన్లు అవుతుంది. అప్పుడు అదే 15 న్యూటన్ల బలం కింద నిశ్చలంగా ఉన్న దిమ్మె అలాగే నిలిచి ఉంటుంది, 4 మీ./సె. తో జారుతున్న దిమ్మె అదే వేగంతో జారుతూనే పోతుంది. బలాలన్నీ సమానం, రెండింటికీ త్వరణం సున్నాయే, అయినా ఒకటి ఆగి ఉంది, ఒకటి పోతోంది. లెక్కలో మొదటి వేగం ఇవ్వకపోతే ఏది జరుగుతుందో చెప్పలేం.

విశ్రాంత_ఉపన్యాసకుడు

మంచి కొసరు. ఇప్పుడు అమ్మాయి చేయవలసిన లెక్క. గుణకం మళ్లీ ఒకటే, 0.4. దిమ్మె కుడివైపుకు 4 మీ./సె. తో జారుతోంది, 15 న్యూటన్ల బలం కూడా కుడివైపుకే ఉంది. 6 సెకన్లలో అది ఎంత దూరం పోతుంది? స్థానభ్రంశం సూత్రంలో నేరుగా 6 సెకన్లు వేస్తే 4 × 6 − ½ × 1 × 36 = 6 మీటర్లు వస్తుంది. ఆ జవాబును ఎందుకు ఒప్పుకోకూడదో కూడా రాయి.

ఇంటర్_మొదటి_ఏడు

త్వరణం −1 కాబట్టి వేగం 4 సెకన్లకే సున్నా అవుతుంది, అప్పటికి పోయిన దూరం 16 − 8 = 8 మీటర్లు. ఆగిన క్షణం నుంచి దిమ్మె నిశ్చలంగా ఉన్న దిమ్మె, అంటే నా మొదటి లెక్క. అక్కడ కావలసిన ఘర్షణ 15, పరిమితి 20, కాబట్టి కదలదు. 6 సెకన్ల తరువాత కూడా జవాబు 8 మీటర్లే. సూత్రం ఇచ్చిన 6 మీటర్లకు అర్థం దిమ్మె 8 మీటర్ల దగ్గర ఆగి, తరువాతి రెండు సెకన్లలో 2 మీటర్లు వెనక్కి వచ్చిందని. త్వరణం −1 గా స్థిరంగా ఉంటే అది నిజమే, కానీ దిమ్మె ఆగగానే ఆ −1 పోయింది. సూత్రాన్ని 4 సెకన్ల వరకే వాడాలి. నేను మొదట్లో భయపడిన వెనక్కి వచ్చే దిమ్మె ఇదే అనుకుంటాను, మాస్టారూ.

విశ్రాంత_ఉపన్యాసకుడు

అదే. ఆగిన క్షణంలో ఘర్షణ 20 నుంచి 15 కు దిగింది, దిశ మారలేదు. ఇక చివరిది: అంతా అలాగే ఉంచి దిమ్మె మొదట ఎడమవైపుకు 4 మీ./సె. తో జారుతోందనుకో. ఈసారి ఘర్షణ దిశ ఏమవుతుందో చెప్పు.

ఇంటర్_మొదటి_ఏడు

ఎడమవైపుకు జారుతోంది కనుక ఘర్షణ 20 న్యూటన్లు కుడివైపుకు ఉంటుంది, బలం 15 కూడా కుడివైపుకే, మొత్తం 35. వేగం తగ్గే రేటు 7 మీ./సె². 4/7 సెకన్లలో ఆగుతుంది, పోయిన దూరం 16 ÷ 14, అంటే 8/7 మీటర్లు. ఆగాక 15 న్యూటన్ల బలం దాన్ని కుడివైపుకు లాగుతుంది గానీ, ఆపడానికి 15 న్యూటన్ల ఘర్షణ చాలు, పరిమితి 20 కాబట్టి అక్కడే నిలిచిపోతుంది. జారేటప్పుడు కుడివైపుకు ఉన్న ఘర్షణ ఆగాక ఎడమవైపుకు తిరుగుతుంది, ఈసారి పరిమాణమూ మారింది, దిశా మారింది.

విశ్రాంత_ఉపన్యాసకుడు

అన్నీ సరిగ్గా ఉన్నాయి. నోట్సులో రాసేటప్పుడు కుడివైపును ధనదిశగా తీసుకున్నానని మొదటి వరుసలోనే రాసి, ఆగక ముందు ఒకటి, ఆగిన తరువాత ఒకటి, రెండు ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లు, అంటే దిమ్మెపై పనిచేసే బలాలన్నిటినీ బాణాలతో చూపే బొమ్మలు, విడివిడిగా గీయి.